పాటగాళ్ల సంఘాలు: మిరాశి ఊళ్ల నుంచి సభ్యత్వ రశీదు దాకా

సంగీతంలో పీజీ చేస్తున్న విద్యార్థికి ఎవరో ఒకరు తప్పకుండా ఇచ్చే సలహా ఒకటుంది: ఏదైనా వృత్తి సంఘంలో చేరు, పత్రాలు చదువు, నలుగురి కంట పడు. సలహా మంచిదే. సంఘాల పట్టిక కూడా సిద్ధంగానే ఉంటుంది. 1970లో బరోడాలో మొదలైన ఇండియన్ మ్యూజికలాజికల్ సొసైటీ ఉంది. అమెరికాలో 1955లో పుట్టిన సొసైటీ ఫర్ ఎత్నోమ్యూజికాలజీ ఉంది. 1947లో లండన్‌లో జానపద సంగీత మండలిగా మొదలై, ఆ తర్వాత పేర్లు మార్చుకుంటూ వచ్చిన అంతర్జాతీయ సంగీత నృత్య సంప్రదాయాల మండలి ఉంది. ఆ విద్యార్థి నల్లగొండ నుంచో పాలమూరు నుంచో వచ్చినవాడైతే, తన నేల మీద పాటగాళ్లకు సంఘమంటూ ఎప్పుడైనా ఉందా అన్న అనుమానం అతనికి రావాలి. వెంటనే దొరికే జవాబు లేదనే. మద్రాసులో 1927 కాంగ్రెస్ మహాసభ సందర్భంగా జరిగిన సంగీత సదస్సు నుంచి మ్యూజిక్ అకాడమీ పుట్టింది. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో అలాంటిది పుట్టలేదు. ఈ జవాబు సగమే నిజం. ఇక్కడ పాటగాళ్ల సంఘాలు తరతరాలుగా ఉన్నాయి. వాటికి రిజిస్ట్రేషను నంబరు, రబ్బరు ముద్ర లేకపోవడం వల్ల మనం వాటిని సంఘాలుగా లెక్కపెట్టలేదు. వాటి చరిత్ర తెలిస్తే, ఇవాళ ఏ సంఘంలో చేరాలన్న ప్రశ్నను అడిగే తీరే మారుతుంది.

ఆ సంఘాల్లో పాతవి ఆశ్రిత కులాల మేళాలు. తెలంగాణ పల్లెల్లో దాదాపు ప్రతి పనిచేసే కులానికీ దాని పుట్టుకను, గోత్రాలను పాడి వినిపించే మరో కులం ఉండేది. పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, గొల్లలకు మందెచ్చులవారు, విశ్వకర్మలకు రుంజవారు, చాకళ్లకు పటంవారు, మాదిగలకు చిందువారు, డక్కలివారు. కులపురాణాల మీద పులికొండ సుబ్బాచారి చేసిన పరిశోధన, అంతకు ముందు బిరుదురాజు రామరాజు జానపద గేయాల మీద చేసిన పని ఈ అల్లికను చదువుకున్నవాళ్ల ముందు పెట్టాయి. ఇందులో మన విషయానికి కావలసిన భాగం కథ కాదు, దాని వెనక ఉన్న ఏర్పాటు. ఒక మేళానికి కొన్ని ఊళ్ల మీద హక్కు ఉండేది. దాన్ని మిరాశి అనేవారు, కొన్నిచోట్ల వతన్ అనేవారు. ఆ ఊళ్లో పాడే హక్కు ఆ కుటుంబానిదే. మరో మేళం అడుగు పెడితే పంచాయితీ, పంచాయితీలో తప్పు తేలితే దండుగ. అన్నదమ్ములు వేరుపడితే పొలం పంచుకున్నట్టే ఊళ్లు పంచుకునేవారు. బిడ్డ పెండ్లికి ఊరును కట్నం కింద రాసిచ్చిన కుటుంబాలూ ఉన్నాయి. మేళం ఊరికి రాగానే కులపెద్ద ఇంటికి పోయేది. ఎన్ని రాత్రుళ్లు ఆట, ఇంటికెంత త్యాగం అన్నది అక్కడ తెగేది. త్యాగమంటే ఇచ్చేవాడి ఇష్టం మీద ఆధారపడే దానం అనుకోకూడదు. అది బాకీ. ఇవ్వని ఇంటిని నిలదీసే హక్కు పాటగాడికి ఉండేది, పోషక కులం ఆ హక్కును ఒప్పుకునేది. కొన్ని మేళాలు తమ హక్కుకు రుజువుగా రాగిరేకులు దాచుకున్నాయి. ఆ రేకులు నిజంగా ఎంత పాతవన్నది వేరే చర్చ. పాటగాళ్లు తమ హక్కుకు పత్రం ఉండాలని అనుకున్నారన్నది ఇక్కడ పట్టించుకోవలసిన సంగతి.

చదువు సంగతి కూడా ఈ ఏర్పాటులోనే ఇమిడి ఉంది. పాలమూరు డక్కలివారి కిన్నెరనే చూడండి. పొడుగాటి వెదురు బొంగు, దాని కింద ఎండబెట్టి గుల్ల చేసిన సొరబుర్రలు, బొంగు మీద తేనెమైనంతో అతికించిన మెట్లు. మైనంతో ఎందుకంటే, మెట్టును వెంట్రుకవాసి అటో ఇటో జరిపి స్వరం సరిచేసుకోవచ్చు. ఎండకు మైనం మెత్తబడితే మళ్లీ సరిచేయక తప్పదు. కనుక కిన్నెర వాయించడం నేర్చుకునేవాడు కిన్నెర కట్టడం కూడా నేర్చుకోవలసిందే. వాద్యం చేసేవాడు వేరు, వాయించేవాడు వేరు అన్న పద్ధతి అక్కడ లేదు. ఇక పాఠం, జాంబపురాణం లాంటి పెద్ద కథ. వినేవాళ్లకు అది తెలిసిన కథే కాబట్టి, తప్పు పాడితే పట్టుకునేవాళ్లు ఎదురుగానే కూర్చుని ఉంటారు. పరీక్షా మండలి, శ్రోత ఒక్కరే అయిన చోట పట్టా అవసరం పడదు. ఈ లెక్కన, వృత్తి సంఘం చేయవలసిన పనులు అనుకునేవన్నీ, అంటే శిక్షణ, ప్రమాణం, తగవుల పరిష్కారం, పని దొరికే భరోసా, మిరాశి ఏర్పాటులో ఉన్నాయి.

దీనికి ఎదురు వాదం బలమైనదే. కులాన్ని సంఘమంటే ఎట్లా? సంఘంలో ఇష్టపడి చేరతారు, ఇష్టం లేకుంటే బయటికొస్తారు. మిరాశిలోకి పుట్టుకతోనే తోస్తారు, బయటికి దారి లేదు. డక్కలివాడు మాదిగవాడలో కూడా ఇంట్లోకి రాకూడదు, వాడ అంచున గుడిసె వేసుకోవాలి. అంటరానితనం లోపల మరో అంటరానితనం అది. నిజాం రాజ్యంలోని కులాలు, తెగల మీద సయ్యద్ సిరాజుల్ హసన్ 1920లో వేసిన పెద్ద పుస్తకం ఇలాంటివాళ్లను బిచ్చమెత్తి బతికేవాళ్ల కింద చూపింది. హక్కుగా వసూలు చేసేదాన్ని బిచ్చంగా రాసుకోవడంలోనే చదువుకున్నవాళ్ల చూపు ఎటుందో తెలుస్తుంది. అంతమాత్రాన ఆ హక్కు గౌరవంతో కూడినదని బుకాయించలేం. ఈ అభ్యంతరాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. మిరాశి మళ్లీ రావాలని ఎవరూ కోరుకోనక్కర్లేదు. అయితే సంఘమన్న మాటను స్వచ్ఛంద సభ్యత్వానికే కట్టేస్తే, సంఘాలు ఎందుకు పుడతాయన్న సంగతి మరుగున పడుతుంది. లండన్‌లో 1738లో సంగీతకారుల నిధి ఒకటి ఏర్పడింది, అదే తర్వాత రాయల్ సొసైటీ ఆఫ్ మ్యుజీషియన్స్ అయింది. కిచ్ అనే ఓబో వాద్యకారుడు చనిపోయాక అతని పిల్లలు వీధిలో గాడిదలను తోలుకుంటూ బతకడం తోటి కళాకారుల కళ్లబడింది. ఆ సిగ్గులోంచి ఆ నిధి పుట్టింది. హాండెల్ అంతటివాడు అందులో మొదటి సభ్యుల్లో ఒకడు, వీలునామాలో దానికి వెయ్యి పౌండ్లు రాశాడు. పత్రికలు, సదస్సులు, బిరుదులు వృత్తి సంఘాలకు తర్వాత వచ్చిన అలంకారాలు. మొదటి పని పాటగాడి ఇంట్లో పొయ్యి ఆరకుండా చూడడం. ఆ కొలతతో కొలిస్తే మిరాశి సంఘమే; ద్వారం దగ్గర మాత్రం ఘోరమైన సంఘం.

మరి ఆధునిక పద్ధతిలో, కులంతో పని లేకుండా, పాటగాళ్ల సభ ఈ జిల్లాల్లో ఎందుకు పుట్టలేదు? పోషకులు లేక కాదు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానాలన్నీ పాలమూరు నేల మీదివే. తిరుపతి వేంకట కవులంతటివాళ్లు అవధానాలు చేసి సన్మానాలు పుచ్చుకుపోయిన ఊళ్లవి. కానీ సంస్థానం దర్బారు విద్వాంసుణ్ణి ఒక్కొక్కరినే చూసింది. వార్షికం వ్యక్తికి వస్తుంది, సంఘానికి రాదు. ఒకరికి దక్కిన శాలువా పక్కవాడికి అసూయ మిగులుస్తుందే తప్ప ఇద్దరినీ ఒక జట్టు చేయదు. 1949లో జాగీర్ల రద్దుతో ఆ పోషణ పోయినప్పుడు వెనక నిలబడే వ్యవస్థ ఏదీ లేకపోయింది. రెండో కారణం రాజ్యం. గస్తీ నిషాన్ 53 అనే నిజాం ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం అనుమతి లేకుండా సభ పెట్టడానికి వీల్లేదు. ఆ ఇరుకులోనే తెలుగువాళ్లు గ్రంథాలయాలు పెట్టారు. నల్లగొండ నుంచి 1922లో షబ్నవీసు వెంకట రామనరసింహారావు నీలగిరి పత్రిక తెచ్చారు. ఆంధ్ర మహాసభ 1931లో దేవరకొండలో, 1936లో షాద్‌నగర్‌లో జరిగింది. 1934లో సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చువేసి, తెలంగాణలో కవులే లేరన్న నిందకు జవాబు చెప్పారు. అంత ఇరుకులో అంత పని జరిగింది కనుక, పాటగాళ్ల సభ పుట్టకపోవడానికి నెపం గస్తీ నిషాన్ మీదే వేస్తే సరిపోదు. ఆ తరం పెద్దలకు భాష ఆత్మగౌరవ విషయం, పుస్తకం ఆయుధం. కిన్నెర, రుంజ, చిందు కులాచారాలు. కవుల సంచికకు తోడుగా పాటగాళ్ల సంచిక ఒకటి రావాలన్న ఆలోచన ఎవరికీ తట్టినట్టు లేదు. తట్టనందుకు వాళ్లను తప్పుపట్టడం తేలిక. వాళ్లు నిలబడ్డ చోటు నుంచి అటువైపు కనబడలేదన్నంతవరకే నా ఫిర్యాదు.

మిరాశి మేళాలకూ, ఇక్కడ పుట్టని సభకూ మధ్య మూడో రకం సంఘం ఒకటి చడీచప్పుడు లేకుండా నడిచింది: భజన మండలి. మన్యంకొండ హనుమద్దాసు, రాకంచర్ల వెంకటదాసు, వేపూరు హనుమద్దాసు లాంటి పాలమూరు వాగ్గేయకారుల కీర్తనలు దర్బారుల వల్ల బతకలేదు. గుడిమండపాల్లో తాళాలు పట్టుకుని కూర్చున్న రైతుల గొంతుల్లో బతికాయి. కపిలవాయి లింగమూర్తి లాంటి స్థానిక పరిశోధకులు పాలమూరు సాహిత్యాన్ని వెతకడానికి ఊరూరు తిరగవలసి వచ్చింది కూడా అందుకే. అయితే భజన మండలి వృత్తి సంఘం కాదు. పాడేవాడికి అక్కడ ప్రసాదం తప్ప జీతం లేదు. దాన్ని ఇంతకంటే సాగదీయడం అనవసరం.

అసలు మలుపు నల్లగొండలో వచ్చింది. బొంబాయిలో ఇప్టా, తెలుగునాట ప్రజా నాట్యమండలి 1943లోనే పుట్టాయి. 1944 భువనగిరి ఆంధ్ర మహాసభ తర్వాత సంఘమంటే జిల్లా పల్లెల్లో ఒకటే, ఎర్రజెండా సంఘం. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగేనాటికి (ఆ ఊరున్న జనగామ తాలూకా అప్పుడు నల్లగొండ జిల్లాలోదే) పాట ఆ సంఘం పనుల్లో ముఖ్యమైన పని అయిపోయింది. సుద్దాల హనుమంతు చేసింది ఇక్కడ దగ్గరగా చూడాలి. ఆయన కొత్త రూపం కనిపెట్టలేదు. గొల్లసుద్దులను, పిట్టలదొరను, ఫకీరు వేషాన్ని, బుర్రకథను తీసుకుని లోపలి సరుకు మార్చారు. బుర్రకథ అంతకు ముందు బుడిగ జంగాలది. గొల్లసుద్దులు చెప్పే హక్కు గొల్లలను ఆశ్రయించుకున్న వాళ్లది. అంటే మిరాశి కంచెలు కట్టి కాపాడుకున్న రూపాలన్నీ ఒక్క ఊపున అందరి సొత్తయ్యాయి. ఏ కులంవాడైనా గుమ్మెట కొట్టవచ్చు, ఏ ఊళ్లోనైనా పాడవచ్చు, వినడానికి ఏ వాడవాళ్లయినా రావచ్చు. బండి యాదగిరి లాంటి పల్లె గొంతుక కట్టిన పాట తాలూకాలు దాటి, మూడు దశాబ్దాల తర్వాత మా భూమి సినిమా దాకా నడిచిందంటే ఆ ద్వారం ఎంత వెడల్పుగా తెరుచుకుందో ఊహించుకోవచ్చు. ఈ ప్రాంత సంగీత చరిత్రలో ఇంత పెద్ద ప్రవేశ సంస్కరణ మరొకటి లేదు. దీన్ని రాజకీయ చరిత్ర కింద రాసుకున్నారే గానీ సంగీత చరిత్ర కింద ఎవరూ రాయలేదు.

ప్రజా నాట్యమండలి సంగీతకారుల సంఘం కాదు, కమ్యూనిస్టు పార్టీ అంగం అని ఎవరైనా అంటే కాదనలేం. ఆ మాటలోనే దాని బలహీనత కూడా ఉంది. దళంలో పాడేవాడికి అన్నం ఊరు పెట్టింది, ప్రాణరక్షణ ఊరే ఇచ్చింది. కానీ ఆ బాధ్యత ఉద్యమం ఉన్నన్నాళ్లే. 1948 పోలీసు చర్య, ఆ తర్వాత అణచివేత, 1951 అక్టోబరులో సాయుధ పోరాట విరమణ. పాటగాడు మళ్లీ ఒంటరి. అటు మిరాశి హక్కులూ పలచబడుతూ వచ్చాయి. నేతగాళ్లు సూరత్‌కో భివండికో వలసపోతే కూనపులివారి ఊరు కాగితం మీదే మిగులుతుంది. ద్వారం తెరిచిన సంఘానికి పొయ్యి వెలిగించే శక్తి లేదు, పొయ్యి వెలిగించిన సంఘం ద్వారం తెరవలేదు. ఈ రెంటికీ పొత్తు కుదరకపోవడమే ఆ తర్వాతి చరిత్రంతా.

1997 మార్చిలో భువనగిరి సభతో తెలంగాణ నినాదం మళ్లీ లేచినప్పుడు ఇదే బొమ్మ ఇంకో రంగులో కనిపిస్తుంది. భువనగిరిలో మిల్లు కార్మికురాలు బెల్లి లలిత తెలంగాణ కళాసమితి వేదిక మీదికి వచ్చింది. చాకలో మంగలో అని అడిగి పాడనిచ్చే రోజులైతే ఆమె గొంతు మిల్లు గేటు దాటేది కాదు. 1999 మే 26న ఆమెను ఎంత కిరాతకంగా చంపారో అందరికీ తెలుసు. సంఘం ఆమెకు వేదిక ఇవ్వగలిగింది, పేరు ఇవ్వగలిగింది, కాపాడలేకపోయింది. రాష్ట్రం వచ్చాక 2014లో తెలంగాణ సాంస్కృతిక సారథి పెట్టి 550 మంది కళాకారులకు ప్రభుత్వ కొలువులిచ్చారు. ఉద్యమంలో గొంతు అరగదీసుకున్నవాళ్లకు నెలనెలా జీతం రావడం చిన్న విషయం కాదు. దాన్ని ఎగతాళి చేసేవాళ్లతో నేను ఏకీభవించను. కానీ జీతమిచ్చేవాడు ప్రభుత్వమైనప్పుడు పాట ఏ పథకం మీద కట్టాలో కూడా ప్రభుత్వమే చెబుతుంది. పోషక కులం కథను మాత్రమే పాడవలసిన కూనపులివాడికీ, సంక్షేమ పథకం పాట మాత్రమే పాడవలసిన ఉద్యోగికీ మధ్య తేడా మనం అనుకున్నంత పెద్దది కాదు.

ప్రభుత్వ సంస్థల సంగతి ఇంతకు ముందూ అంతే. ఢిల్లీలో సంగీత నాటక అకాడమీ 1953లో, ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర అకాడమీ 1957లో వచ్చాయి. రాష్ట్ర అకాడమీని 1983లో రద్దు చేశారు, 1985లో ఆ పనులు కొత్తగా పుట్టిన తెలుగు విశ్వవిద్యాలయానికి చేరాయి. ఆకాశవాణి 1950లో దక్కన్ రేడియోను తనలో కలుపుకుంది, ఆ తర్వాత ఆడిషన్లు పెట్టి కళాకారులకు గ్రేడ్లు ఇచ్చింది. ఇవన్నీ కళాకారుణ్ణి మళ్లీ సంస్థానం దర్బారు లాగే ఒక్కొక్కరినే పిలిచి చూశాయి. దర్శనం మొగులయ్య ఉదాహరణే చాలు. లింగాల మండలం అవుసలికుంటకు చెందిన ఆయన పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ పాడతారు. ఒక పెద్ద సినిమా పాటలో ఆయన గొంతు వినిపించింది, 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలిపనికి పోతున్నారన్న వార్త పత్రికల్లో వచ్చింది. వార్త చూసి సాయం చేస్తామని కొందరు ముందుకొచ్చారు. అదే ఏడాది దామరగిద్ద బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు పద్మశ్రీ ప్రకటించారు. పాత పాలమూరు జిల్లాలో రెండేళ్ల తేడాతో రెండు పద్మశ్రీలు; ఆ వాద్యాలు కట్టేవాళ్లను, వాయించేవాళ్లను ఒకచోట కూర్చోబెట్టి తగవులు తీర్చే, పని పంచే సంఘం ఒక్కటీ లేదు. బిరుదు ఒక మనిషికి వస్తుంది. ఆకలి మేళం మొత్తానికి వస్తుంది.

ఇప్పుడు పీజీ విద్యార్థి ముందున్న పట్టికను మళ్లీ చూద్దాం. అంతర్జాతీయ సంఘాల వల్ల లాభం లేదనడం నా ఉద్దేశం కాదు. పాలమూరు కిన్నెర మీద రాసిన పత్రాన్ని ఆఫ్రికా వీణల మీద పనిచేసే పరిశోధకుడు చదివి ప్రశ్న వేస్తే, అలాంటి ప్రశ్న మన దగ్గర పుట్టకపోవచ్చు. విద్యార్థులకు రుసుములో రాయితీలూ ఉంటాయి. ఇండియన్ మ్యూజికలాజికల్ సొసైటీ లాంటివి మన భాషల సంగీతానికి ఇంగ్లిషులో ఒక చిరునామా ఇచ్చాయి. కానీ ఈ సంఘాలన్నిటిలో సభ్యుడు పాటను చదివేవాడు. పాడేవాడు అతని పత్రంలో ఒక అధస్సూచిక. పరిశోధనకు పరిశోధకుల సంఘమే కావాలి కదా, పాటగాడి బతుకు దాని పని కాదు కదా అని అడగవచ్చు. శాస్త్రీయ సంగీతం మీద పనిచేసేవాళ్ల విషయంలో ఈ వాదన కొంత నిలుస్తుంది, ఎందుకంటే వాళ్ల కళాకారులకు సభలున్నాయి, కచేరీలున్నాయి. కిన్నెర దగ్గర, రుంజ దగ్గర నిలవదు. అక్కడ వాయించేవాడు మానేసిన రోజున పరిశోధకుడికి విషయమే ఉండదు. ఈ ఇబ్బందిని కొంత ముందుగా గుర్తించిన సంస్థ ఒకటుంది. అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ 1982లో నెలకొల్పిన ఎత్నోమ్యూజికాలజీ ఆర్కైవ్, విదేశీ పరిశోధకులు ఇక్కడ చేసుకుపోయిన రికార్డింగుల ప్రతులు ఇక్కడే ఉండాలని పట్టుబట్టి మొదలైంది. రికార్డింగు తిరిగి దేశానికి రావడం మొదటి మెట్టు. అది పాడిన మనిషి వాడకు చేరడం ఇంకా రెండు మూడు మెట్ల పైమాట.

ఆ మెట్లు కట్టే పని దగ్గరలోనే మొదలుపెట్టవచ్చు. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007 నుంచి, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం 2008 నుంచి ఉన్నాయి. నిజాం కాలంలో 1350 ఫసలీ నాటి సంఘాల చట్టం కింద, ఇప్పుడు 2001 చట్టం కింద, సొసైటీ నమోదు చేయడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఏడుగురు సభ్యులుంటే చాలు. ఆ ఏడుగురిలో కనీసం నలుగురు వాయించేవాళ్లో పాడేవాళ్లో కావాలి, ఓటు హక్కుతో. రికార్డు చేసిన ప్రతి గంటకూ వాళ్ల వాటా ఎంతో నియమావళిలోనే రాయాలి. పాత మిరాశి ఊళ్ల పట్టిక, ఏ మేళానికి ఏ ఊళ్లుండేవో, మేళం పెద్దల నోటి నుంచి ఇప్పుడే రాసుకోవాలి. ఆ పట్టికను కులంతో సంబంధం లేని ప్రదర్శనల వరుసగా మార్చి, ఆ ఊళ్లలోని పాఠశాలలు, కళాశాలలు ఏడాదికి ఒక రాత్రి చొప్పున ఖర్చు భరించేలా ఒప్పించాలి. ఇది చిల్లర పనిలా కనిపిస్తుంది, సెమినార్ పత్రమంత మెరుపు ఉండదు. కిన్నెర కట్టడం నేర్పడానికి ఒక సొరపాదు, కొంత వెదురు, కొంత తేనెమైనం, నేర్చుకునే ఇద్దరు పిల్లలకు రెండేళ్ల స్టైపెండు. ఆ సొసైటీ మొదటి సర్వసభ్య సమావేశం అజెండాకు ఇంతకంటే పెద్ద అంశాలు అక్కర్లేదు.